భుజం మీద నిద్ర

మా పాప పుట్టిన మొదటి ఐదు నెలల్లో పరుపు మీద నిద్రపోయిన గంటలు చాలా తక్కువ. ఎవరో ఒకరి భుజం మీదే నిద్రపోయింది. భుజం మీద ఉన్నంతసేపూ కళ్లు మూసుకుని, పెదవులు కాస్త తెరుచుకుని ఉండేది. వెచ్చటి ఊపిరి నా మెడకు తగులుతూ ఉండేది. ఇక ఫరవాలేదనుకుని మెల్లగా వంగి పరుపు మీద ఆనించగానే విల్లులా వెనక్కి వంగిపోయేది. ముఖం కందగడ్డలా అయ్యేది. తాగిన పాలు నోట్లోంచి, ఒక్కోసారి ముక్కులోంచి కూడా వచ్చేవి. ఆ వెంటనే ఏడుపు. ఆకలికి ఏడ్చే ఏడుపు, నిద్రకు ఏడ్చే ఏడుపు వేరువేరుగా ఉంటాయని నాకు అప్పటికే తెలిసింది. ఇది ఆ రెండూ కాదు. ఒళ్లు కాలినట్టు ఏడ్చేది.

మొదటి కాన్పు కాబట్టి ఏడో నెలలోనే సెలవు పెట్టి కడపకు, అమ్మావాళ్ల ఇంటికి వచ్చేశాను. కర్నూల్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను నేను. మా ఆయన ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. శనివారం డ్యూటీ దిగగానే బస్సెక్కి కడపకు వచ్చి, ఆదివారం సాయంత్రం మళ్లీ బస్సెక్కేవాడు. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. కాబట్టి బిడ్డను చూసుకోవడానికి ఉన్నది అమ్మ, నాయన, నేను.

పాపకు మూడు వారాలు నిండే వరకు అంతా బాగానే ఉంది. అమ్మ నన్ను బాలింతగా చూసుకున్న తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. తెల్లారగానే మందు దినుసులు దంచి చేసిన, నెయ్యి ఓడుతున్న కాయం ఉండ, వేడి అన్నంలో వెల్లుల్లి కారం, దాని మీద మళ్లీ నెయ్యి, పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు బర్రె పాలు. రెండు వీధుల అవతల పాలు పిండే చోటికి తనే చెంబు తీసుకుని వెళ్లి, కళ్లముందు పిండించుకుని వచ్చేది. నేను వద్దంటే, "నీకు గాదు మే, బిడ్డకు పోస్తాండా" అనేది. నేను తాగేసేదాన్ని.

నాలుగో వారంలో కక్కడం మొదలైంది. పసిపిల్లలు కక్కుతారులే అన్నారు అందరూ. ఐదో వారానికి పడుకోబెట్టడమే కష్టమైంది. చుట్టాలు వచ్చారు, తలా ఒక మాట చెప్పారు. దిష్టి తీశారు. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాశారు. గ్రైప్ వాటర్ పట్టారు. ఒకామె బిడ్డను బోర్లా పడుకోబెట్టమంది. ఇంకొకామె నా వైపు చూసి, "తల్లి శానా ఆలోచన చేస్తాది, అందుకే బిడ్డకు నిద్రలేదు" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను ఆలోచన చేస్తున్నందుకు బిడ్డ నిద్రపోవడం లేదా, బిడ్డ నిద్రపోనందుకు నేను ఆలోచన చేస్తున్నానా అని తేల్చుకోలేక సతమతమయ్యేదాన్ని.

ఊళ్లోనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బరువు చూశాడు. బరువు పెరుగుతోంది. "కొంతమంది బిడ్డలు ఎక్కువ కక్కుతారు. ఆరు నెలలకు తగ్గిపోతుంది" అని చుక్కల మందు రాశాడు. ఆరు నెలలు! నేను ఆరు రోజులు ఎట్లా గడపాలో తెలియక ఆయన దగ్గరికి వెళ్లాను.

ఆ రోజుల్లో మమ్మల్ని నిలబెట్టింది నాయన. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. "నిలబడేదానికి నాకంటే అలవాటు ఎవరికుండాది?" అని బిడ్డను భుజాన వేసుకునేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నా చేతుల్లోంచి పాపను తీసుకుని, ముందు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచేవాడు. నల్లటి కడప బండల మీద ఆయన పాదాలు మెత్తగా చప్పుడు చేసేవి. నడుస్తూ, తను పనిచేసిన రూటులో ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే లోగొంతుతో చెప్పేవాడు. కడప, ఖాజీపేట, మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, శిరివెళ్ల, నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు, కర్నూలు. మళ్లీ కర్నూలు నుంచి వెనక్కి. "ఈ పొద్దు ఆళ్లగడ్డ కాడనే కండ్లు మూసింది" అని ఒకరోజు, "రెండు ట్రిప్పులు కొట్టినా, ఇంకా దిగలేదు" అని ఇంకొకరోజు నాకు చెప్పేవాడు. ఆ మూడు గంటలే నా నిద్ర. ఏడింటికి లేచేసరికి ఆయన చొక్కా భుజం మీద కక్కిన పాలు ఎండి తెల్లగా అట్టగట్టి ఉండేవి.

రెండో నెల చివర్లో ఒక మధ్యాహ్నం జరిగింది చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే ఈ కథంతా అబద్ధమవుతుంది.

మే నెల. అమ్మ, నాయన ఇద్దరూ దగ్గరి బంధువుల ఇంట్లో కర్మలకు పోయారు, సాయంత్రానికి వస్తామన్నారు. పాప పదకొండింటికి ఏడుపు అందుకుంది. పాలిచ్చాను, కక్కింది. భుజాన వేసుకుని తిరిగాను. కూర్చున్నాను, లేచాను. ఒంటిగంటైంది, రెండైంది. కరెంటు పోయింది. నా ఒంటికి ఆమె ఒళ్లు చెమటతో అతుక్కుపోయి, ఏ వేడి ఎవరిదో తెలియకుండా ఉంది. నా చెవిలోనే ఏడుస్తోంది. ఉన్నట్టుండి నా చేతులు బిగుసుకోవడం నాకు తెలిసింది. బిడ్డను గట్టిగా పట్టుకున్నాను. కావలసినదానికంటే గట్టిగా. అది తెలిసిన మరుక్షణం ఆమెను మంచం మధ్యలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయటికి నడిచాను. చెప్పులు కూడా వేసుకోలేదు. వీధి చివర దాకా పోయి, ఒక అంగడి చూరు కింద నీడలో నిలబడ్డాను. ఏడుపు అక్కడికి వినపడదు. ఆ నిశ్శబ్దం నాకు హాయిగా అనిపించింది. నన్ను నేను క్షమించుకోలేకపోయింది ఆ హాయికే.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పది నిమిషాలు ఉండవచ్చు. తిరిగి వచ్చేసరికి ఎదురింటి ఖాలా మా ముందు గదిలో ఉంది. మా చిన్నప్పటి నుంచి ఎదురిల్లు ఆమెదే, వీధిలో అందరికీ ఆమె ఖాలానే, అంటే పిన్ని. పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. బిడ్డ వెక్కుతోంది. నా వైపు చూసింది గానీ ఎక్కడికి పోయావని అడగలేదు.

"పోయి మొగం కడుక్కో బేటా. కాళ్లు కాలినట్టుండాయి, నీళ్లు పోసుకో. బిడ్డ నాకాడ ఉండాది."

నేను గడపలోనే కూర్చుని ఏడ్చాను. ఆమె బిడ్డతో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. సాయంత్రం అమ్మ వచ్చాక, "మధ్యాన్నం బిడ్డ కొంచెం ఏడిస్తే వచ్చి కూచున్నా" అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఆ పది నిమిషాల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

మూడో నెలలో ఒకరోజు పాప గుడ్డ మారుస్తుంటే విరేచనంలో జిగురు, ఆ జిగురులో సన్నటి ఎర్రటి చారలు కనిపించాయి. ఆ గుడ్డను అట్లాగే ఒక కవరులో చుట్టిపెట్టి మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన శనివారం దాకా ఆగలేదు. మరుసటి రోజే సెలవు పెట్టి వచ్చి మమ్మల్ని కర్నూలు తీసుకెళ్లాడు. అక్కడ పిల్లల జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ ఉందని ఆయనతో పనిచేసేవాళ్లు చెప్పారట.

ఆమె గుడ్డ చూసింది. బిడ్డ పొట్ట నొక్కి చూసింది. ఆమె చేతుల్లో ఉండగానే పాప కక్కింది. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నన్ను అడిగింది.

"నువ్వేం తింటాండావు?"

బిడ్డ గురించి కాకుండా నా గురించి అడుగుతుందేమిటని నేను తడబడ్డాను. కాయం, నెయ్యి, పాలు, పెరుగు, సాయంత్రం టీ, టీలోకి బిస్కెట్లు, అన్నీ చెప్పాను.

"బిడ్డకు పాలలో ఉండే మాంసకృత్తులు పడతాండవు. నీ పాలు గాదు, నువ్వు తాగే బర్రెపాలు, ఆవుపాలు. నువ్వు తిన్నది కొంచెం నీ పాలలోకి వస్తాది. ఆ కొంచెమే ఆమె పేగులను పుండు చేస్తాంది. దాంతో కక్కు ఇంకా ఎక్కువైతాది. పడుకోబెడితే పుల్లగా గొంతులోకి వచ్చి మండుతాది. మండితే ఎవరైనా నిద్రపోతారా?"

పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, పాలపొడి కలిసిన బిస్కెట్లు, బ్రెడ్డు, స్వీట్లు అన్నీ ఆపేయమంది. నాకు కాల్షియం మాత్రలు రాసింది. "రెండు రోజులకే తగ్గలేదని వదిలిపెట్టొద్దు. రెండు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాలు పడతాది. పాలిచ్చినాక అరగంట నిటారుగా ఎత్తుకో. తర్వాత చదునుగా ఉండే పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టు. ఎవరు చెప్పినా బోర్లా వద్దు, తలకింద దిండు వద్దు. ఇంకొకటి. కూచోని ఎత్తుకున్నప్పుడు నీకు నిద్ర తూగితే బిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేయి. ఎవరూ లేకుంటే పరుపు మీద పెట్టు, ఏడ్చినా సరే. చేతుల్లోంచి జారేదానికంటే ఏడ్చేది మేలు."

ఆ చివరి మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మే నెల మధ్యాహ్నం నేను చేసిన దానిలో, అనుకోకుండానే, ఒక సరైన పని కూడా ఉందని అప్పుడు తెలిసింది.

కడపకు తిరిగి వచ్చి అమ్మకు చెప్పాను.  ఆమె మెల్లగా అడిగింది.

"అంటే బిడ్డను ఏడిపించింది నేను పోసిన పాలేనా?"

"నీకు తెలుసా, నాకు తెలుసా మా? మొదట చూసిన డాక్టరుకే తెలియలేదు."

"నెయ్యి కూడా వద్దనెనా? బాలింతకు నెయ్యి లేకుంటే ఎట్ల మే? పాలు తాగని తల్లికి పాలు యాడ నుంచి పడతాయి?"

డాక్టరమ్మ చెప్పిందంతా మళ్లీ చెప్పాను. అమ్మ తల ఊపింది. ఆ రోజే నెయ్యి డబ్బా ఎత్తి ఖాలా ఇంట్లో ఇచ్చివచ్చింది. నా వంటకు వేరే గిన్నెలు, వేరే గరిటెలు పెట్టింది. చెనిక్కాయ నూనెతో పప్పు, రాగి సంకటి, ఆకుకూర, పొద్దున బెల్లం వేసిన రాగి జావ. నేను ఒక నోటుబుక్కులో గళ్లు గీసి, నేను తిన్నది ఒక గడిలో, పాప ఎంతసేపు పడుకున్నది ఇంకో గడిలో రాయడం మొదలుపెట్టాను. లెక్కల టీచరును కాబట్టి అదొక్కటే నా చేతనైన పని.

మొదటి వారం ఏ మార్పూ లేదు. పదో రోజు పాప పరుపు మీద గంటా పది నిమిషాలు పడుకుంది. నేను పక్కన కూర్చుని, గడియారం చూస్తూ, మూత్రానికి కూడా లేవకుండా చూశాను. పన్నెండో రోజు రెండు గంటలు. పదిహేనో రోజుకు ఎర్ర చారలు పోయాయి. శనివారం వచ్చిన మా ఆయన, పరుపు మీద నిద్రపోతున్న కూతుర్ని మొదటిసారి చూసి, గుమ్మంలోనే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

నాలుగో నెల మధ్యలో మళ్లీ మొదలైంది. మొదట కక్కు, తర్వాత విల్లులా వంగడం, తర్వాత జిగురు. పడుకోవడం మళ్లీ ఇరవై నిమిషాలకు వచ్చింది. నేను నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. కొత్తగా తిన్నదేమీ లేదు. చెనిక్కాయలేమోనని అవి ఆపాను. నాలుగు రోజులైనా తగ్గలేదు. కందిపప్పు ఆపాను. తగ్గలేదు. వంకాయ, టమాట, చింతపండు ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాను. చివరికి అన్నం, సొరకాయ, ఉప్పు, పొద్దున రాగి జావ మిగిలాయి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. నా గాజులు మోచేతి దాకా ఎక్కేవి.

ఒకరోజు మధ్యాహ్నం సొరకాయ కూడా ఆపుతానన్నాను. అమ్మ నా ముందు కంచం పెట్టబోయి, కంచం కింద పెట్టేసి, అక్కడే చతికిలబడింది.

"ఇంకేమీ ఆపొద్దు మే. నీ కాళ్లు మొక్కుతా."

"మరేం చేయమంటావు?"

"జావలో పాలు పోస్తాండా నేను. అర గ్లాసు. ఇరవై దినాల నుంచి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వచ్చిన కోపం ఎట్లాంటిదో ఇప్పుడు కూడా రాయడానికి భయమేస్తుంది. రాగి జావ రంగులో పాలు కనపడవు, బెల్లం తీపిలో రుచి తెలియదు. పదిహేను రోజులు నేను ఒక్కొక్కటే మానుకుంటూ ఉంటే ఎదురుగా కూర్చుని చూసింది.

"బిడ్డకు తగ్గింది గదా, కొంచెం పోస్తే ఏమవుతాదిలే అనుకున్నా. నువ్వు చిక్కిపోతాండావు. నీ పాలు ఇంకిపోతాయేమోనని..."

"నా బిడ్డను చంపేదాకా ఊరుకోవా నువ్వు?" అన్నాను.

అమ్మ లేచి వెళ్లి వంటింట్లో గిన్నెలన్నీ తీసి మళ్లీ తోమడం మొదలుపెట్టింది. తోమినవే తోమింది. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. నేను పిలవలేదు.

మరుసటి రోజు తెల్లవారుజామున నాయన పాపను తీసుకోవడానికి వచ్చాడు. భుజాన వేసుకున్నాడు గానీ నడవలేదు. నా పక్కన మంచం అంచున కూర్చున్నాడు.

"నీకంటే ముందు మీ అమ్మకు ఒక పిల్లోడు పుట్టినాడు. తెలుసు గదా నీకు."

తెలుసు. ఒక అన్న పుట్టి పోయాడని చిన్నప్పుడు ఎవరో అంటే విన్నాను. ఎట్లా పోయాడని ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

"అప్పుడు మేము మన పల్లెలో ఉంటిమి. వానల్లేవు ఆ యేడు. గడ్డి లేక బర్రెలను అమ్మేసినాం. ఇంట్లో చుక్క పాలు లేవు, నెయ్యి లేదు. మీ అమ్మ కారం మెతుకులు తిని పాలిచ్చేది. వాడు కూడా ఇట్లనే తాగింది తాగినట్టు కక్కేటోడు. పడుకునేటోడు గాదు. ఊర్లో ఆడోల్లంతా ఆమెనే అన్నారు. పాలు, నెయ్యి తినని దాని పాలల్లో ఏముంటాది, నీళ్లు తాపితే బిడ్డ నిలుస్తాడా అని. మా అమ్మ కూడా అనింది. ఐదో నెలలో పోయినాడు. జొరమొచ్చి రెండు దినాల్లో పోయినాడు. ఏం జబ్బో ఎవరికి తెలుసు? ఆసుపత్రికి పోయే బస్సు కూడా నాకు దొరకలేదు ఆ పొద్దు. కండక్టరును నేను."

ఆయన గొంతు మామూలుగానే ఉంది. పాప ఆయన భుజం మీద కదిలింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"బిడ్డకు ఐదో నెల వస్తాంది. మీ అమ్మకు దినాలు లెక్కబెట్టుకునేది సరిపోతాంది. తప్పు చేసింది. తప్పే. నేను వెనకేసుకొని రాను. నీకు తెలియాలని చెప్పినా, అంతే."

ఆయన నడక మొదలుపెట్టాడు. నేను మంచం మీదే కూర్చున్నాను. మా పాపకు, ఆ పిల్లవాడికి ఉన్నది ఒకే బాధ అయి ఉంటుందా? తెలియదు. పాలూ నెయ్యీ ముట్టని తల్లి పాలు తాగి కూడా వాడు కక్కాడు. కాబట్టి వాడిది వేరే ఏదో అయి ఉంటుంది. కానీ అమ్మకు అట్లాంటి లెక్కలు లేవు. తన పాలు నీళ్లయినందుకే బిడ్డ పోయాడని ఊరంతా చెప్పింది, ముప్పై ఏళ్లకు పైగా ఆమె అదే నమ్మింది. ఇప్పుడు కూతురు కూడా పాలు, నెయ్యి మానేసి చిక్కిపోతుంటే, మనవరాలికి ఐదో నెల దగ్గరపడుతుంటే, అర గ్లాసు పాలు పోసింది. అట్లాంటి మనిషిని నేను అనకూడని మాట అన్నాను.

పొద్దున్నే వంటింట్లోకి వెళ్లాను. అమ్మ జావ కాస్తోంది. నన్ను చూడగానే గరిటె వదిలేసి పక్కకు జరిగింది.

"నువ్వే కాచుకో. నా చేత్తో వద్దు" అంది.

"నాకు రాదు. నువ్వే కాచు" అన్నాను.

 జావ అడుగంటే వాసన రాగానే అమ్మే గరిటె అందుకుంది. క్షమించమని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లోకి పాలు రాలేదు. అమ్మ టీ మానేసింది, నాయన డికాక్షన్ తాగడం అలవాటు చేసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. నేను ఆపేసిన పప్పు, చెనిక్కాయలు, కూరలు ఒక్కొక్కటే నా కంచంలోకి తిరిగి వచ్చాయి. మూడు వారాలకు పాప మళ్లీ పరుపు మీద పడుకుంది.

ఐదో నెల నిండిన రోజున అమ్మ పొద్దుటి నుంచి బిడ్డను దించలేదు. నిద్రపోయినా దించలేదు. డాక్టరమ్మ చెప్పింది గుర్తుచేయబోయి ఆగిపోయాను. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ ఒక్కరోజుకు ఫరవాలేదనిపించింది.

ఆరో నెలలో నా సెలవు అయిపోయింది. కర్నూలుకు వెళ్తుంటే అమ్మ కూడా మా వెంట వచ్చింది, ఒక ఏడాది ఉంది. నాయన నెలకు రెండుసార్లు బస్సులో వచ్చి వెళ్లేవాడు. నేను కాలేజీకి పోతే అమ్మ చూసుకునేది. పాప రాత్రుళ్లు ఇంకా రెండు మూడుసార్లు లేచేది కాబట్టి, రాత్రి మొదటి సగం మా ఆయనకు, రెండో సగం నాకు అని పంచుకున్నాం. వంతు లేనివాళ్లు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలని నియమం పెట్టుకున్నాం. కర్నూలుకు వచ్చిన కొత్తలో ఇద్దరం లేచి ఇద్దరం కూర్చునేవాళ్లం. దానివల్ల బిడ్డకు ఒరిగింది లేదు, ఇద్దరికీ నిద్ర ఉండేది కాదు. నిద్రలేనప్పుడు మేము మాట్లాడుకున్న మాటల్లో సగం పోట్లాటలే. వంతులు పెట్టుకున్నాక పోట్లాటలు తగ్గాయి. ఆ ఉపాయం అంతకుముందే తోచి ఉంటే బాగుండేది.

పాపకు అన్నం పెట్టడం మొదలుపెట్టినప్పుడు మళ్లీ భయం. ఒక కొత్త పదార్థం పెట్టి మూడు రోజులు ఆగేవాళ్లం. రాగి పడింది. బియ్యం, పెసరపప్పు పడ్డాయి. సోయా కలిసిన ఒక పొడి పడలేదు, నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఏడాది దగ్గరపడుతుండగా డాక్టరమ్మ చెప్పినట్టు కొంచెం పాలు కలిపి కాల్చిన బిస్కెట్టు ముక్క పెట్టి చూశాం. మూడో రోజుకు మళ్లీ జిగురు కనిపించింది. ఆపేశాం. "తొందరేముండాది? పెద్దదైతే పేగులు గట్టిపడతాయి" అంది డాక్టరమ్మ. అమ్మ మాత్రం ఆ మూడు రోజులూ దేవుడి పటం ముందు నుంచి లేవలేదు.

పదిహేడో నెలలో మళ్లీ పెట్టాం. బిస్కెట్టు పడింది. రెండు వారాల తర్వాత చెంచాడు పెరుగు. గిన్నె అమ్మ చేతికిచ్చాను. అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను పెట్టను. నువ్వే పెట్టు."

నేనే పెట్టాను. పాప ముఖం వికారంగా పెట్టి, నాలుకతో బయటికి తోసి, తర్వాత పెదవులు నాకి, ఇంకా కావాలని నోరు తెరిచింది. ఆ రాత్రి ముగ్గురం మెలకువగానే ఉన్నాం. పాప ఒక్కతే నిద్రపోయింది.

ఇప్పుడు ఆమెకు నాలుగేళ్లు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించదు. నిద్రలో మంచమంతా దొర్లుతుంది. నాకు మాత్రం ఆ నిద్ర పూర్తిగా తిరిగి రాలేదు. నాలుగింటికి మెలకువ వస్తుంది, మళ్లీ పట్టదు. కాలేజీలో కొత్తగా తల్లయిన ఒక అమ్మాయి స్టాఫ్ రూములో తల వాల్చి పడుకుంటే, ఆమె క్లాసు నేను తీసుకుంటాను. సలహాలేమీ చెప్పను. సలహాలు విన్న చెవులు నావి.

మొన్న వేసవి సెలవుల్లో కడపకు వెళ్లినప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ, నేను బండల మీద కొంగులు పరుచుకుని పడుకున్నాం. పాప మా మధ్యన నిద్రపోతోంది. బయట ఎండ మండిపోతోంది. చాలా ఏళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"మా, ఆ పొద్దు నేను నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

అమ్మ పైకప్పు వైపు చూస్తూ ఉంది.  

"వాని పేరు కూడా పెట్టలేదు మే మేము. ఐదో నెల నిండినాక పెడదామనుకుంటిమి" అంది.

నేను ఆమె వైపు తిరిగాను. ఏదో అడగబోయాను. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"మెల్లగా మాట్లాడు. బిడ్డ లేస్తాది."